నూకరత్నం చెయ్యి

ఆ దుప్పటి తన్నడం ఆపు అమ్మలూ, చెబుతాను. కాళ్ళు ఇలా నా మీద వెయ్యి. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా గోదావరి నడుమ ఒక లంక. లంకంటే రావణాసురుడిది కాదే, నాలుగు పక్కలా నీళ్ళు, మధ్యలో మట్టి, ఆ మట్టి మీద ఓ యాభై ఇళ్ళు. ఆ లంకలో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. పనిమంతురాలే, కానీ ఒక్కచోట కూర్చునేది కాదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. మడిచిన చీరే మళ్ళీ మడిచేది. చెయ్యాలనుకున్న పని ఒకటుంది, అది తప్ప మిగిలినవన్నీ చేసేది.

ఆ పని ఏంటంటే, పూతరేకు తియ్యడం. నోట్లో వేసుకోగానే కరిగిపోతుందని నువ్వు గోల చేస్తావే, అదే. కుండ బోర్లించి కింద మంట పెట్టాలి. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి పరిచి లాగెయ్యాలి. కళ్ళు మూసి తెరిచేలోగా కాగితంలాంటి పొర కడుతుంది. దాన్ని చిరగకుండా రెండు చేతులతో ఎత్తాలి. అదే రేకు.

లంక మొత్తానికి రేకులు తీసేది ఒక్క బంగారమ్మే. పెద్దావిడ. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుందంటే తలుపు మూసెయ్యాల్సిందే. గాలి తగిలితే పొర ఎగిరిపోతుంది మరి. అందుకని లోపల ఏం జరిగేదో ఎవరూ చూడలేదు. తలుపు తీసేసరికి బుట్ట నిండా తెల్లటి రేకులు, ఒక్కదానికీ చిరుగుండేది కాదు.

నూకరత్నం పదేళ్ళప్పుడు వాళ్ళమ్మ చూడకుండా పెరట్లో ఒక చట్టి బోర్లించి రేకు తీసింది. అది చిరిగింది. అంతే, 'నా చెయ్యి మంచిది కాదు' అనేసుకుంది. తనకి ముప్పై ఏళ్ళు నిండినా అదే మాట. పోనీ కోరిక చచ్చిందా అంటే, అదీ లేదు. ఎవరూ లేనప్పుడు ఉత్త గాల్లో రేకు ఎత్తుతున్నట్టు చేతులు ఆడించుకునేది, పాపం.

ఒకరోజు బంగారమ్మ పిలిచింది. "ఏవే రత్నం, నాకు చూపు తగ్గిపోతోంది. గోదావరికి వరద ఎర్రనీరు రాకముందే అవతలొడ్డున మా అమ్మాయి దగ్గరికి పోతున్నా. ఇంక తిరిగి రాను. ఈలోగా నేర్చుకో. నువ్వూ నేర్చుకోకపోతే ఈ లంకలో రేకు తీసేవాళ్ళే ఉండరు."

నూకరత్నానికి కాళ్ళు నేలమీద ఆనలేదు. కానీ శివరాత్రి వచ్చింది, నూకరత్నం మాత్రం నేర్చుకోడానికి వెళ్ళలేదు. "కుండ కొత్తది అత్తా, నూనె పట్టించి పదును చెయ్యాలి" అంది. పొద్దునా సాయంత్రం కుండకి నూనె రాసింది. ఆ నూనెతో లంకంతటికీ గారెలు వండొచ్చు.

ఆ తర్వాత శ్రీరామనవమి వచ్చింది. "మా ఇంట్లోవి కొత్తబియ్యం అత్తా, పొర సరిగ్గా రాదు" అంది. పాతబియ్యం కోసం ఊరంతా తిరిగింది. తెచ్చింది, చెరిగింది, ఒక్కో గింజా ఏరింది. ఏరినవే మళ్ళీ ఏరింది.

ఆ తర్వాత ఏరువాక వచ్చింది. బంగారమ్మ గుమ్మం దాకా వెళ్ళి, ఆకాశం కేసి చూసి, "గాలి మారింది అత్తా, తగ్గనీ" అంది.

మూడూ నిజాలే అమ్మలూ. అదే వచ్చిన చిక్కు. అబద్ధాలైతే చెప్పడానికి తనకే సిగ్గేసేది. నిజాలు కాబట్టి ధైర్యంగా చెబుతూ పోయింది. ఆవిడ మీద నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే నేనూ అలాంటిదాన్నే, మీ తాతయ్యనడుగు.

అప్పుడు ఒక పొద్దున్నే రేవులో కేకలు వినబడ్డాయి. ఎర్రనీరు వచ్చేసింది. మధ్యాహ్నం వెళ్ళే పడవే ఆఖరిదట, అందులోనే బంగారమ్మ వెళ్ళిపోతుందట.

నూకరత్నం కాలుకాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. ఒక్కపూటలో ఏమొస్తుందిలే అనుకుంది. వెళ్ళకపోతే ఎలా అనుకుంది. చెప్పులు వేసుకుంది, విప్పేసింది. మళ్ళీ వేసుకోకుండానే పరుగెత్తింది.

బంగారమ్మ ఇంటి తలుపు మూసి ఉంది. దారిలో తినడానికని ఆవిడ ఆఖరిసారి రేకులు తీస్తోంది. నూకరత్నం పిలవలేదు, అడగలేదు. తలుపు తోసుకుని లోపలికి పోయింది. కుండ మీది పొర కాస్తా గాలికి లేచి బూడిదలో పడింది.

"తలుపెయ్యవే తల్లీ!" అని అరిచింది బంగారమ్మ.

తలుపేసి ఇటు తిరిగేసరికి, పొయ్యి పక్కన చేటెడు చిరుగు ముక్కలు కనిపించాయి. నూకరత్నం వంగి ఒక ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఇవేంటత్తా?"

"మొదటి రేకులు. కుండకి వేడి కుదిరేదాకా, చేతికి ఊపు వచ్చేదాకా చిరుగుతాయి. నాకు రోజూ మూడో నాలుగో పోతాయి. చలికాలం ఇంకా ఎక్కువ."

"నీక్కూడానా? మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు లోపలికొస్తే కదే చెప్పడానికి! గుమ్మం దాకా వచ్చి గాలి సంగతి చెప్పి పోయేదానివి."

నూకరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క రేకు చిరిగిందని ఇరవై ఏళ్ళు పోగొట్టుకుంది చూడు. ఏడ్చేసింది. బంగారమ్మ ఓదార్చలేదు. పిండిగుడ్డ చేతిలో పెట్టి, "పొయ్యి ఆరిపోతుంది, కూర్చో" అంది.

అప్పుడు కూర్చుంది. మొదటి రేకు రెండు ముక్కలైంది. రెండోది మాడింది. మూడోది సగం కుండకే అంటుకుపోయింది. ఇంతలో పడవవాడు కేకేశాడు.

బంగారమ్మ మూట తీసుకుని లేచింది. "ఇల్లు నీకే వదిలేస్తున్నా. లేవకు, నన్ను సాగనంపకు. తలుపు నేనే వేసుకుపోతాలే" అని వెళ్ళిపోయింది. కానీ ఆవిడకి నమ్మకం లేదమ్మలూ. తను రేవు దాటగానే ఇది లేచి వాకిలి ఊడుస్తుందిలే అనుకుంది. తన తర్వాత లంకలో ఇంక రేకు లేదనుకుంటూనే పడవెక్కింది.

పడవ కదిలింది. బంగారమ్మ వెనక్కి తిరిగి కూర్చుంది. మనుషులు ఆనని చూపే గానీ, తన ఇంటి పెంకుల మీంచి లేచే పొగ మాత్రం కనబడింది. కాసేపట్లో ఆగిపోతుందనుకుంది, ఆగలేదు. పడవ నడి గోదావరికి వచ్చింది, పొగ వస్తూనే ఉంది. పొయ్యిలో ఎవరో మళ్ళీ ఎండు కొబ్బరాకులు ఎగదోసినట్టు ఒక్కసారి నల్లగా, గుప్పున లేచింది కూడా. అవతలొడ్డు వచ్చేసింది. కూతురు చెయ్యి పట్టుకుని, "దిగమ్మా" అంది.

"ఉండవే, కాసేపు చూడనీ" అంది బంగారమ్మ. ఒడ్డున అందరూ చూస్తుండగా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఏంటీ? రేకు వచ్చిందా అంటావా? వచ్చిందే. పదకొండోదో పన్నెండోదో, తలుపేసి ఉంటే నాకేం తెలుసు? ఇంక కళ్ళు మూసుకో.

పడవేమో రేవుకి, పొగేమో మబ్బుకి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి.