ఏడోనాడు ఆగే రాళ్ల నది

అనగా అనగా, తూర్పు సముద్రపు ఒడ్డున ముత్యాలరేవు అనే పట్టణాన్ని ఎల్యాకీము అనే రాజు ఏలేవాడు. ఆ రాజూ ఆయన ప్రజలూ యూదులు. ఏనాడో తమ దేశం చేజారిపోగా, తోలు మీద రాసిన ధర్మశాస్త్రపు చుట్టలను గుండెలకు హత్తుకొని, ఓడలెక్కి వచ్చి ఆ ఒడ్డున నిలిచినవారు. వారి కోట చిన్నది, సైన్యం చిన్నది. వారంలో ఏడోనాడు వచ్చే విశ్రాంతిదినం మాత్రం చాలా పెద్దది.

శుక్రవారం పొద్దు వాలగానే ఇంటింటా దీపం వెలిగేది. కమ్మరి సుత్తి దించేవాడు, పడవవాడు తెడ్డు దించేవాడు, రాజు కిరీటం దించేవాడు. మరునాటి సాయంకాలం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఆ పట్టణంలో బరువు మోసే ప్రాణి కనబడేది కాదు. ఎద్దుకూ విశ్రాంతే, గాడిదకూ విశ్రాంతే, గుమ్మంలోకి వచ్చిన పరదేశికీ విశ్రాంతే.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఆమోజు, భుజబలం కలవాడు. నడిమివాడు బారూకు, శాస్త్రం కంఠస్థం చేసినవాడు. చిన్నవాడు ఆషేరు, ప్రశ్నలు అడిగేవాడు. ముగ్గురికీ గురువు హిజ్కియా అనే వృద్ధుడు. ఆయనకు తిర్సా అని ఒక్కతే కూతురు. వాదంలో ఆమె ముగ్గురినీ ఓడించేది.

ఒకనాడు ఆషేరు ఆమెను అడిగాడు.

"సృష్టి ముగించి దేవుడు ఏడోనాడు విశ్రమించాడంటారు. ఆయన అలసిపోయాడా?"

"అలసిపోయేవాడు దేవుడెలా అవుతాడు?"

"అలసిపోనివాడికి విశ్రాంతి దేనికి?"

తిర్సా చదువుతున్న చుట్టను పక్కన పెట్టింది. "ఇన్నేళ్లకు అడగదగిన ప్రశ్న ఒకటి అడిగావు, చిన్న దొరా. రేపు చెబుతాను" అంది.

ఆ సాయంకాలమే ఆకాశం నుంచి పొగ దిగింది. పొగలో నుంచి భస్మజిహ్వుడనే మాంత్రికుడు దిగి, గురువు ఇంటి ముంగిట తిర్సా చేయి పట్టుకున్నాడు.

"ఏడు ఎడారులకు ఆవల, ఏడు సముద్రాలకు ఆవల నా కోట ఉంది. కోట ముందు రాళ్ల నది ఉంది. ఆరు రోజులు నా ఆజ్ఞకు పొర్లుతుంది. ఏడోనాడు ఆగిపోతుంది. ఏడువందల ఏళ్లుగా ఆ ఒక్క రోజు నాకు లొంగలేదు. ఆ రోజు గుట్టు తెలిసినవాళ్లలో ఈ పిల్లను మించినవారు లేరని విన్నాను. నదిని ఏడోనాడు కూడా కదిలించే మంత్రం ఏడాదిలోగా చెబితే బతుకుతుంది. చెప్పకపోతే, ఏడాది నిండిన తెల్లవారే ఆ నదిలో మరొక రాయి అవుతుంది" అన్నాడు.

"అటువంటి మంత్రం ఏదీ లేదు" అంది తిర్సా.

పొగ పైకి లేచింది. ముంగిట గురువు ఒక్కడే మిగిలాడు.

ముందుగా ఆమోజు గుర్రమెక్కి వెళ్లాడు. మూడు నెలలు గడిచినా తిరిగి రాలేదు. తరువాత బారూకు శాస్త్రగ్రంథాలు మూటగట్టుకొని వెళ్లాడు. మరి మూడు నెలలు గడిచినా తిరిగి రాలేదు. అప్పుడు ఆషేరు తండ్రి పాదాలకు మొక్కి, "నాయనగారూ, నేనూ వెళ్తాను" అన్నాడు. రాజు కొడుకు తల మీద రెండు చేతులూ ఉంచి ఆశీర్వదించాడు.

ఎడారి అంచున బరువు కింద కూలిన గాడిద ఒకటి కనబడింది. శత్రువు గాడిదైనా సరే, బరువు కింద పడితే ఆగి దించమని శాస్త్రం. ఆషేరు మూటలన్నీ దించి, నీళ్లు పట్టాడు. గాడిద లేచి ఒళ్లు దులుపుకుంది.

"రోజూ ఇక్కడే కూలుతున్నాను, బాబూ. మునుపు ఇద్దరు రాకుమారులు ఇటే పోయారు. ఒకాయన గుర్రం దిగలేదు. ఇంకొకాయన నా మూటల్లో ఏముందో, వాటిని తాకవచ్చునో కూడదో ఆలోచిస్తూ నడిచిపోయాడు. నువ్వు దించావు. ఎక్కు."

గాడిద ఏడు ఎడారులూ దాటించింది. సముద్రపు ఒడ్డున, ఇంకిపోతున్న మడుగులో పెద్ద చేప ఒకటి కొట్టుకుంటోంది. ఆషేరు ఇసుకలో కాలువ తవ్వి దాన్ని లోతు నీళ్లలోకి పంపాడు. చేప అతన్ని వీపున ఎక్కించుకొని ఏడు సముద్రాలూ ఈదింది. నడిసంద్రంలో శుక్రవారం పొద్దు వాలింది.

"ఇక ఆగుదాం. నాకే కాదు, నీకూ విశ్రాంతే" అన్నాడు ఆషేరు.

"సరే. మరి కెరటం నన్ను తోస్తే?"

"అది కెరటం పని. నువ్వు పట్టించుకోకు."

"ఇన్నేళ్లు ఈదాను గాని, ఇంత మంచి మాట ఎవరూ చెప్పలేదు" అని చేప రెక్కలు ముడిచి తేలింది.

ఆవలి ఒడ్డు చేరేసరికి ఆషేరుకు తిండి లేక మూడు రోజులు. పొదలో పక్షి గూడు కనబడింది. గుడ్లు తీసుకోదలిస్తే ముందు తల్లిని ఎగిరిపోనిమ్మని శాస్త్రం. అతడు తల్లిని పోనిచ్చాడు. అది దూరం పోలేదు, గూటి చుట్టూ ఏడుస్తూ తిరిగింది. ఆషేరు చాచిన చేయి వెనక్కి తీసుకొని, ఆకులు నమిలి కడుపు నింపుకున్నాడు.

తల్లిపక్షి వచ్చి అతని భుజం మీద వాలింది. "భస్మజిహ్వుడి ప్రాణం ఎక్కడుందో విను. కోట ఏడో అంతస్తులో, పంజరంలో ఒక చిలుక ఉంది. దాని నాలుక కింద ఉంది. ఆ పంజరం కత్తికి తెగదు. ఆ చిలుకకు బాణం తగలదు. ప్రాణాన్ని అది తానై దించాలి. ఎందుకు దించాలో ఇంతవరకు దానికి ఎవరూ చెప్పలేదు" అంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నానికి ఆషేరు రాళ్ల నది చేరాడు. అర ఆమడ వెడల్పున కొండంత రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పొర్లుతున్నాయి. ఒడ్డున చిన్న పాక ఉంది. పాకలో ఆమోజు విరిగిన కాలు చాపుకొని పడుకున్నాడు. ముందుకొచ్చిన రాళ్లను భుజబలంతో తోసివేయబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. గడప దగ్గర బారూకు గ్రంథాల నడుమ కూర్చున్నాడు. ఇద్దరూ ఓడలెక్కి ముందే అక్కడికి చేరారు.

పొద్దు వాలింది. ఎవరో చేయెత్తి ఆపినట్లు నది ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి ఆషేరు చెవులు నొచ్చాయి.

"నెలల తరబడి ఇలా చూస్తున్నాను, తమ్ముడూ" అన్నాడు బారూకు. "దాటగలిగే రోజు ఇదొక్కటే. ఇంత దూరం ప్రయాణం చేయకూడని రోజూ ఇదే."

"ప్రాణం కాపాడడానికి ఈ రోజును మీరవచ్చునని గురువుగారే చెప్పారు కదా, అన్నా."

"చెప్పారు. ఆమె ప్రాణానికి ఏడాది గడువుంది. ఆపద ఇంకా రాలేదు. రాని ఆపద కోసం ఈ రోజును ఎలా మీరను? అలా ప్రతి వారమూ లెక్క చూశాను. ఈ వారం కూడా ఇంకా మూడు రోజులు ఉంది."

పాకలో నుంచి ఆమోజు, "వీడు లెక్క చూసీ చూసీ నా గడ్డం నెరిసింది" అన్నాడు.

ఆషేరు అన్న పక్కన కూర్చున్నాడు. "మూడు రోజుల తరువాత ఆపద వస్తుంది, అన్నా. ఆ రోజు నది ఆగి ఉంటుందా?"

బారూకు గ్రంథం మీద నుంచి తల ఎత్తాడు. "ఉండదు" అన్నాడు మెల్లగా. "వెళ్లు, తమ్ముడూ. ప్రాణానికి అవసరమైనంతే ఈ రోజును అతిక్రమించు. అంతకు మించి వద్దు."

తెల్లవారగానే ఆషేరు కత్తి ఒడ్డున వదిలి, వట్టి చేతులతో రాళ్ల మీద నడిచాడు. నడిమధ్యకు వచ్చేసరికి కాళ్ల కింద సన్నని సడి వినబడింది. ఎవరో వేలమంది నిద్రలో ఊపిరి తీస్తున్నట్లుంది.

కోటకు కాపలా లేదు, నదే దానికి కాపలా. ఏడో అంతస్తులో తిర్సా కనబడింది. ఆమె ముందు రాట్నం ఆగి ఉంది, పక్కన ఆరిపోయిన దీపం ఉంది.

"ఒంటరిగా ఈ చెరలో ఏడోనాడు ఎలా తెలిసింది నీకు?" అన్నాడు ఆషేరు.

"నది హోరు ఆగిననాడు దీపం పెట్టేదాన్ని" అంది తిర్సా. "ఆలస్యంగా వచ్చావు, చిన్న దొరా. మీ అన్నలు వాదించుకుంటున్నారా?"

ఆషేరు తల్లిపక్షి మాటలు చెవిలో చెప్పాడు. తిర్సా పంజరం వైపు తిరిగింది. ఏడాదిగా తాను మేత వేసిన చిలుక అది. అది ఒక్కనాడూ కన్ను మూయగా ఆమె చూడలేదు.

ఇంతలో గుమ్మంలో పొగ కమ్మింది. భస్మజిహ్వుడు ఆషేరు చేతులు చూసి నవ్వాడు. "కత్తి లేకుండా వచ్చిన రాకుమారుడివి నువ్వొక్కడివే. నాతో ఎలా పోరాడతావు?"

"పోరాడను. ఈ చిలుకను ఒక మాట అడుగుతాను. చిలుకా, ఎన్నాళ్లుగా మోస్తున్నావు?"

"ఏడువందల ఏళ్లు" అంది చిలుక, నాలుక మెదపకుండా.

"ఒక్కనాడైనా దించమన్నాడా?"

"దించడమంటే ఏమిటి?"

"నా పక్షితో మాట్లాడకు" అన్నాడు మాంత్రికుడు. "మీ శాస్త్రం నన్ను కట్టదు."

"కట్టదు" అని తిర్సా ఒప్పుకుంది. "నిన్నూ కట్టదు, చిలుకా. నీకు ఆజ్ఞ ఇచ్చే అధికారం మాకు లేదు. మా ఇళ్లలో ఎద్దుకూ గాడిదకూ ఈ రోజు బరువు లేదు. ఈ మాట నీకు ఎవరైనా చెప్పాలి, అందుకే చెబుతున్నాను."

చిలుక మెడ తిప్పి ఆమెను చూసింది. "ఇవాళ దించితే, రేపు మళ్లీ ఎత్తుకోవచ్చునా?"

"నీకు ఇష్టమైతే. మేమూ రేపు మా పనులు ఎత్తుకుంటాం."

చిలుక నోరు తెరిచింది. నాలుక కింద నుంచి ఆవగింజంత వెలుగు జారి పంజరపు అంచు మీద నిలిచింది. చిలుక రెక్కలో తల దూర్చి, ఏడువందల ఏళ్లకు మొదటిసారి నిద్రపోయింది.

మాంత్రికుడు ఆ వెలుగును తీసుకున్నాడు. తీసుకోగానే మోకాళ్ల మీద కూలబడ్డాడు. చూస్తుండగానే జుట్టు తెల్లబడింది, వీపు వంగింది.

"ఇంత బరువా?" అన్నాడు. "అది ఒక్కనాడూ చెప్పలేదు."

తిర్సా అతనికి మంచినీళ్లు ఇచ్చింది. అతడు తాగి, కిటికీలోంచి కదలని నదిని చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలకముందే అతని ప్రాణం పోయింది.

ఆషేరు లేచాడు. "చుక్కలు పొడవక ముందే నది దాటుదాం, పద."

"ఏ అనుమతితో?" అంది తిర్సా. "నా ప్రాణం కోసం నువ్వు ఈ రోజును మీరావు. ఇప్పుడు నాకు ప్రాణభయం లేదు. కోటలో ధాన్యం ఉంది, నీళ్లు ఉన్నాయి."

"ఈ రోజు దాటకపోతే ఎన్నటికీ దాటలేం. ప్రతి ఏడోనాడూ ఇదే అడ్డు."

"తెలుసు. నాన్న ముఖం ఇక చూడలేనని కూడా తెలుసు."

ఆషేరుకు ముత్యాలరేవు కళ్ల ముందు మెదిలింది. తండ్రి చేతుల బరువు ఇంకా తల మీద ఉన్నట్లే ఉంది. అయినా అతడు కూర్చున్నాడు. కొంతసేపటికి, "రేపు చెబుతానన్న జవాబు ఇప్పుడు చెప్పు" అన్నాడు.

తిర్సా నిద్రపోతున్న చిలుకను చూసింది. "ఆయన అలసిపోలేదు. తన పనిని తానే దించి చూపించాడు. ఎంత గొప్ప పనైనా చేతిలో నుంచి దించలేనివాడు దానికి బానిస. లోకాన్ని చేసినవాడు, నేను బానిసను కాను, మీరూ కావద్దు అన్నాడు."

ఆకాశంలో ఒక చుక్క పొడిచింది. రెండో చుక్క పొడిచింది. మూడో చుక్క పొడవగానే ఇద్దరూ హోరు వస్తుందని చెవులు మూసుకున్నారు.

హోరు రాలేదు. కింద ఎవరో దగ్గారు. మరెవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు. కిటికీలోంచి చూస్తే నది నిండా మనుషులు. రాళ్లన్నీ ఒకప్పుడు మాంత్రికుణ్ని ఎదిరించి రాళ్లయినవారే. అతని ఆజ్ఞ అతనితోనే పోయింది.

వారిలో అందరికన్న ముసలివాడు కోట మెట్ల దాకా వచ్చి నమస్కరించాడు. "మొదట రాళ్లయిన పదిమందిమి మీవాళ్లమే, నాయనా. అన్నీ మరిచాం, మా పేర్లూ మరిచాం. ఆ రోజు ఒక్కటి మరవలేదు. మేం ఆగితే మా వెనకవాళ్లు ఆగారు. అలా నది అంతా నేర్చుకుంది" అన్నాడు.

విశ్రాంతిదినం ముగిసింది గనక ఆషేరు గొయ్యి తవ్వి మాంత్రికుణ్ని పాతిపెట్టాడు. సమాధి మీద ఒక రాయి ఉంచడం వారి ఆచారం. వెతికితే నదిలో ఒక్క రాయి లేదు. అప్పుడు ఆవలి ఒడ్డు నుంచి బారూకు, అన్నను వీపున మోసుకుంటూ, తాను వారాలు లెక్కపెట్టిన గులకరాయి ఒకటి గుప్పిట్లో పట్టుకొని నది దాటి వచ్చాడు. ఆ రాయిని తానే సమాధి మీద ఉంచాడు.

చిలుక నిద్ర లేచి, "ఎత్తుకోవలసింది ఏమీ లేదా?" అని అడిగింది. లేదన్నారు. అయితే మీతో వస్తానంది.

చేప మీద ఏడు సముద్రాలూ, గాడిద వెంట ఏడు ఎడారులూ దాటి వారు ముత్యాలరేవు చేరారు. పందిరి కింద ఆషేరుకూ తిర్సాకూ వివాహమైంది. పోయిన దేశాన్ని పెళ్లిలోనూ మరవకూడదని, ఆచారం ప్రకారం వరుడు గాజు పాత్రను కాలితో పగలగొట్టాడు. కుంటికాలితోనే ఆమోజు సేనాపతి అయ్యాడు. బారూకు న్యాయాధిపతి అయ్యాడు, తీర్పులో ఆలస్యం మాత్రం ఎన్నడూ చేయలేదు. తండ్రి తరువాత ఆషేరు, తిర్సా కలిసి నలభై ఏళ్లు రాజ్యం ఏలారు. వాదంలో ఆమే గెలిచేది.

శుక్రవారం పొద్దు వాలగానే రాజు కిరీటం దించేవాడు. ఆ కిరీటం పక్కనే చిలుక వాలి, రెక్కలో తల దూర్చుకొని నిద్రపోయేది. మూడు చుక్కలు పొడిచేదాకా దాన్ని ఎవరూ లేపేవారు కారు. కథ కూడా అక్కడే రెక్కలు ముడిచింది, పిల్లలూ, మీరూ ఇక దాన్ని లేపకండి.