ఏనుగమ్మ ఫొటో, నక్క తేనె ముంతలు

అనగనగా ఒక అడవి. అడవి మధ్యలో ఒక వాగు. వాగులో ఒంటికాలి మీద నిలబడి ఒక కొంగ. ఆ కొంగ మెడలో ఒక కెమెరా.

కొంగకి కెమెరా ఏంటమ్మా అని అడక్కండి. ఆ రోజుల్లో ఉండేది.

ఆ రోజుల్లో ఫొటో అంటే ఊరికే వచ్చేది కాదర్రా. కొంగ తెల్లారకముందే నీళ్లలో దిగేది. కదలకుండా మెదలకుండా నిలబడేది. ఆకుల్లోంచి ఎండ సరిగ్గా పడేదాకా ఆగేది. అప్పుడు ఒక్కసారి టిక్కుమనిపించేది. సాయంత్రం ఆ ఫొటోలు కడిగి, రెండు మోదుగు చెట్ల మధ్య తీగ కట్టి ఆరేసేది. పిల్లలంతా కింద చేరి, "అది నేనే! నువ్వు కాదు, నేను!" అని కొట్టుకునేవాళ్లు. తడి ఫొటోలకి ఒక వాసన ఉండేది. ఇప్పుడు లేదు.

అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఫొటో కోసం నిలబడితే కొంగ చేపలు పట్టలేదు. చేపల కోసం నిలబడితే ఫొటో తీయలేదు. రెండూ ఒకేసారి కుదరవు. అందుకని ఫొటో కావాలన్నవాళ్లు ముందు అడగాలి. మోదుగాకు దొప్పలో చేపపిల్లలు తెచ్చివ్వాలి. చేపలు పట్టడం రానివాళ్లు తమకి చేతనైన పని ఏదో చేసిపెట్టేవాళ్లు. కొంగ ఫొటో కింద 'కొంగ తీసింది' అని రాసి ఇచ్చేది. దాని కూడు అదే.

ఆ ఫొటోలన్నిటిలోకీ ఒకటంటే అందరికీ ప్రాణం. వాగు నిండుగా పారిన ఏడాది తీసింది. ముసలి ఏనుగమ్మ వాగులో కూర్చుని అడవిలోని పిల్లలందరికీ తొండంతో నీళ్లు పోస్తోంది. జింకపిల్లలు, కుందేలు పిల్లలు, ముళ్లపంది పిల్ల. ఎవరి పిల్లలని చూడలేదు. తొండం చివర ఒక ఉడుతపిల్ల పట్టుకుని వేలాడుతోంది. ఒడ్డున దాని తల్లి కంగారుగా చేతులు చాచి ఉంది.

ఏనుగమ్మ ఇప్పుడు లేదు. ఆ తల్లి ఉడుతా లేదు. దాని గురించి ఎక్కువ చెప్పను. ఫొటో మిగిలింది. అడవికి పెద్దదిక్కైన ఎలుగుబంటి దాన్ని కొంగని అడిగి తీసుకుని, అందరూ కూర్చునే బండ పక్కన చెట్టుకి కట్టింది. వచ్చేపోయేవాళ్లు అక్కడ ఒక నిమిషం ఆగేవాళ్లు.

ఆ అడవిలో నక్క తేనె అమ్మేది. అందులో సగం బెల్లం పాకం. ఎవరూ కొనేవాళ్లు కాదు. ఒకరోజు నక్క కూడా బండ దగ్గర ఆగింది. ఫొటో చూసింది. ఫొటో చూస్తున్నవాళ్ల కళ్లు తడవడమూ చూసింది. దానికొక ఆలోచన వచ్చింది.

ఎవరూ లేనప్పుడు ఫొటో విప్పుకుని నకళ్లు తీసే కోతి దగ్గరికి వెళ్లింది.

"కోతి బావా, దీనికి నకళ్లు తియ్యి. ముంతకొకటి కావాలి. కింద ఆ రాత మాత్రం రాకూడదు."

"ఏ రాత?"

"కొంగ తీసింది అని ఉంది చూడు. అది."

"నాకెందుకొచ్చిన గొడవ? తియ్యమంటే తీస్తా, కొయ్యమంటే కోస్తా," అంది కోతి.

నక్క ఫొటోని మళ్లీ చెట్టుకి కట్టేసింది. మర్నాటి నుంచి ప్రతి తేనె ముంత మీదా ఏనుగమ్మ. కింద 'ఏనుగమ్మ మెచ్చిన తేనె' అని పెద్ద అక్షరాలు. పాపం ఏనుగమ్మ ఆ తేనె రుచి కూడా ఎరగదు. అయినా ఆ మొహం చూసి అడవంతా కొంది.

కొంగ నక్క కొట్టుకి వెళ్లింది.

"నక్కా, ఆ ఫొటో నాది. నన్ను అడగలేదు. తీసెయ్యి."

నక్క నవ్వింది. "ఏనుగమ్మ అందరిదీ కదా కొంగమ్మా! ఏం, నువ్వేమన్నా కన్నావా?"

"ఏనుగమ్మ అందరిదే. ఆ రోజు నీళ్లలో నానిన కాళ్లు మాత్రం నావి."

"నిలబడక ఏం చేస్తావు? కొంగలకి అదేగా పని!"

కొట్టు దగ్గరున్నవాళ్లు కూడా నవ్వారు. కొంగ అక్కణ్నుంచి కదిలింది. తిన్నగా ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది.

ఎలుగుబంటి అడవిని బండ దగ్గరికి పిలిచింది. దానికి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అది పెట్టిన కట్టుబాటు కూడా అలాంటిదే. ఎవరైనా ఇంకొకరిది అడక్కుండా తీసుకుంటే వాగు దాటించాలి. చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే శిక్ష. వాగు అవతల అంతా రాతి నేల. ఒక్క చెట్టు లేదు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు.

"నక్కా! ఇవాళే వాగు దాటు!" అంది ఎలుగుబంటి.

నక్కకి భయం వేసింది. కానీ నక్క కదా.

"దాటతాను పెద్దయ్యా. తప్పకుండా దాటతాను. కాకపోతే నేనొక్కదాన్నే ఎందుకు? ఉడుత తొర్రలో కూడా అదే ఫొటో ఉంది. అదీ అడగలేదు. నాకో న్యాయం, దానికో న్యాయమా?"

అందరూ ఉడుత వైపు తిరిగారు. ఒకప్పుడు ఏనుగమ్మ తొండానికి వేలాడిన ఉడుతపిల్లే అది. ఇప్పుడు తనూ తల్లి.

"నిజమేనా?" అంది ఎలుగుబంటి.

"నిజమే పెద్దయ్యా." ఉడుత ముందుకి వచ్చింది. "ఒడ్డున ఉన్నది మా అమ్మ. మా అమ్మది ఇంకో ఫొటో లేదు. చెడిపోయిందని కోతి పడేసిన నకలు ఒకటి తెచ్చుకున్నాను. మా అమ్మే కదా, ఎవరినైనా ఎందుకడగాలి అనుకున్నాను."

"కట్టుబాటు కట్టుబాటే," అంది ఎలుగుబంటి. ఇందాకటి జోరు లేదు. "ఇద్దరూ దాటాలి."

"నా పిల్లలు?" అంది ఉడుత. "వాటికింకా కళ్లు తెరుచుకోలేదు."

ఎలుగుబంటి చూపు పక్కకి తిప్పుకుంది.

నక్క మెల్లగా కొంగ పక్కకి జరిగింది. "కొంగమ్మా, ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఉడుత బతుకుతుంది. పసిపిల్లల తల్లిని వెళ్లగొట్టించిందన్న పేరు నీకెందుకు చెప్పు?"

కొంగకి నక్క ఎత్తు అర్థమైంది. పట్టుబడితే ఉడుత పోతుంది. వదిలేస్తే నక్క రేపు ఇంకో ఫొటో ఎత్తుకుపోతుంది. కొంగ ఒక కాలు మడుచుకుని చాలాసేపు ఆలోచించింది.

"పెద్దయ్యా, ఫిర్యాదు వెనక్కి తీసుకోను," అంది.

ఉడుత కళ్లు మూసుకుంది.

"అలాగని ఎవరినీ వాగు దాటించవద్దు. నష్టం నాది. జరిమానా ఎంతో తూచి నన్ను చెప్పనివ్వండి."

"తూచడానికి అదేమన్నా చింతపండా?" అంది కోతి కొమ్మ మీంచి.

"నోరు ముయ్యి. నీ సంగతీ ఉంది," అంది ఎలుగుబంటి. కోతి తోక ముడుచుకుంది.

కొంగ ముందు ఉడుతని అడిగింది. "నన్ను అడగాలని నీకు తెలుసా?"

"తెలీదత్తా."

"ఆ ఫొటోతో ఏం సంపాదించావు?"

ఉడుతకి అర్థం కాలేదు. "సంపాదనా? పిల్లలకి చూపించాను. మీ అమ్మమ్మ అని చెప్పాను. వాటికి కనపడదని తెలుసు. అయినా చూపించాను."

"తప్పని తెలిసింది కదా. ఇప్పుడేం చేస్తావు?"

"ఇచ్చేస్తానత్తా. ఇప్పుడే తెస్తాను."

కొంగ నక్క వైపు తిరిగింది. "నన్ను అడగాలని నీకు తెలుసా?"

"తెలుసని ఎలా చెప్పను, తెలీదని ఎలా చెప్పను..."

"తెలీకపోతే నా పేరు ఎందుకు కోయించావు?"

"కోయించింది! నాతోనే కోయించింది!" అని అరిచింది కోతి.

"ఏం సంపాదించావు?"

"ఏదో పొట్టకూటికి..."

"ఏడ్చినట్టుంది!" అంది గుంపులోంచి కుందేలు. "నాకు రెండు ముంతలు అంటగట్టావు. అంతా పాకమే!"

"నేను వచ్చి తీసెయ్యమన్నాక ఏం చేశావు?"

నక్క తల దించుకుంది. "నవ్వాను."

కొంగ ఎలుగుబంటితో అంది. "ఉడుత ముందే అడిగి ఉంటే నేను ఒక పని చేయించుకునేదాన్ని. ఇప్పుడూ అంతే. రేపు సాయంత్రం వచ్చి నాతో ఫొటోలు ఆరేస్తే చాలు. దాని ఫొటో దాని దగ్గరే ఉంటుంది, కింద నా పేరుతో. కోతి రాత కోసింది కాబట్టి, ఇకమీదట ఎవరిదని అడక్కుండా నకలు తీయకూడదు. నక్క సంగతి వేరు. అమ్మిన ముంతకొక దొప్ప చేపలు. అడిగి ఉన్నా ఇవ్వాల్సిందే అది. తెలిసీ తీసుకున్నందుకు, చెప్పినా నవ్వినందుకు ముంతకింకో దొప్ప. ముంతల మీంచి ఏనుగమ్మ ఫొటో తీసెయ్యాలి. ఈ తేనె ఏనుగమ్మ తాగలేదని కొట్టు ముందు నిలబడి తన నోటితో చెప్పాలి. చేపలు ఎవరి దగ్గరా కొనకూడదు. నీళ్లలో నిలబడి తనే పట్టాలి."

"అంతేనా? వాగు దాటించొద్దా?" అంది ఎలుగుబంటి.

"ఫొటో తీసుకున్నవాళ్ల ఇల్లు లాక్కుంటే నా నష్టం తీరదు పెద్దయ్యా. ఇంకొకరికి నష్టం పుడుతుంది, అంతే. అలాగని ఏమీ వెయ్యకపోతే రేపు నీళ్లలో నిలబడే ఓపిక నాకుండదు."

ఎలుగుబంటి చాలాసేపు చెవి గోక్కుంది. ఆ రోజే కట్టుబాటు మార్చింది. ఉడుత మాట కూడా చెప్పకుండా పిల్లల దగ్గరికి పరిగెత్తింది.

నక్క వాగులో దిగింది. కదిలితే చేపలు పారిపోయేవి. కదలకపోతే ఈగలు ముసిరేవి. తోక తడిసేది. చూడటానికి అడవంతా ఒడ్డున చేరింది.

"నక్కా, తోకతో కూడా పట్టు! తొందరగా తీరుతుంది!" అంది కోతి.

నక్క పట్టించుకోలేదు. కొంగతో మెల్లగా అంది. "కాళ్లు మొద్దుబారిపోతున్నాయి. ఏనుగమ్మ ఫొటోకి ఇంతసేపు నిలబడ్డావా?"

"ఇంకా ఎక్కువే. ఆ రోజు నేనేమీ తినలేదు."

నక్క మళ్లీ చేపల వైపు తిరిగింది.

రోజులు గడిచాయి. నవ్వేవాళ్లు నవ్వడం మానేసి ఇళ్లకి పోయారు. నక్కకి మెల్లగా నిలబడటం వచ్చింది. ఒక సాయంత్రం నీరెండ వాలుగా పడింది. వాగు అంతా బంగారు రంగు. నక్క కాళ్ల చుట్టూ చేపపిల్లలు భయం లేకుండా తిరుగుతున్నాయి. పాత రోజులు ఒక్క క్షణం వచ్చి వాగులో నిలబడ్డట్టుంది.

కొంగ కెమెరా ఎత్తింది. మళ్లీ దించింది.

"నక్కా, నిన్ను ఫొటో తియ్యనా?"

నక్క తల కదపకుండా కళ్లు మాత్రం తిప్పింది. "నన్నడుగుతున్నావా?"

"మొహం నీది కదా."

నక్క నీళ్లలో తన మొహం చూసుకుంది.

"తియ్యి కొంగమ్మా," అంది చివరికి. "కొంచెం ఆగు. నీ దొప్పకి ఈ చేపని పట్టనీ. వట్టి నోటితో వద్దు."

కొంగ ఆగింది.

నీతి: ఇంకొకరి కష్టాన్ని వాడుకునే ముందు అడగాలి. అడక్కుండా వాడుకుంటే జరిమానా కట్టాలి. ఆ జరిమానా తప్పుకి తగ్గట్టు ఉండాలి, బతుకుని మింగేట్టు ఉండకూడదు.