దళపతి తలుపు బయట నిలబడిన పదిహేడు నిమిషాలు

మైలపల్లి ఎర్రయ్య సారంగు గారు ప్రశ్నకు జవాబు చెప్పేవారు కారు. ప్రశ్న పూర్తిగా వినేవారు, చేతిలోని గుడ్డతో ఏదో ఇత్తడి గొట్టాన్ని తుడుస్తూ, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. అర్థమైనవాడికి అయింది, కానివాడు మర్నాడు మళ్లీ వచ్చి కూర్చునేవాడు. నభోనౌకాదళంలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి, ఆపైన శిక్షణ నౌకలో కొత్త అధికారులకు గురువయ్యారాయన. ఆయన చేతికింద నేను చాలాకాలం కళాసీగా ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగిన నౌకలోనూ ఉన్నాను, ఆయన దాన్ని పాఠంగా చెప్పిన రోజునా ఉన్నాను. ఇంకొకచోట ఇంకొకలా విని ఉంటే అది తప్పు.

ఒకరోజు శ్రీవత్స అనే ఉపనాయకుడు లేచి నిలబడ్డాడు. పెద్ద కళాశాలలో చదివి వచ్చినవాడు. సారంగంటే తాళ్లు చుట్టేవాడని అనుకునే రకం. ఆ చూపు నేను గమనించాను, మర్చిపోలేదు కూడా. అతను అడిగిందేమంటే, దళం మొత్తానికి పెద్ద అయిన దళపతి ఆజ్ఞ ముందు నౌకాధిపతికి, అక్కడినుంచి నౌకలో పనివాళ్లందరికీ పెద్ద అయిన సారంగుకు, సారంగు నుంచి ఒక్కో జట్టు పెద్ద అయిన తండేలుకు, తండేలు నుంచి కళాసీకి దిగాలని నియమం ఉంది కదా, అది ఎందుకని. నౌక నిండా మాట్లాడే తీగలున్నాయి. దళపతి ఒక్కమాటంటే చిట్టచివరి కళాసీ చెవిలో పడుతుంది. మధ్యలో ఇన్ని నోళ్లు దేనికి, ఆలస్యానికి తప్ప?

కొందరు నవ్వారు. సారంగు గారు నవ్వలేదు, కోప్పడలేదు. ‘నాగావళి’ అనే నౌకలో తాను సారంగుగా ఉన్న రోజుల సంగతి ఎత్తుకున్నారు.

ఆ నౌక గాలిగదికి రెండు తలుపులు. ఒకటి నౌకలోకి, ఒకటి శూన్యంలోకి. బయటి తలుపు తీస్తే గదిలో గాలి మొత్తం ఒక్క క్షణంలో పోతుంది, ఒంటిమీద కవచం లేని మనిషి బతకడు. ఆ తలుపు మీట గది బయట, నౌక లోపలివైపు ఉంటుంది; దాని దగ్గర కాపలా ఒక కళాసీది. గదిలోకి చూడటానికి ఒక అద్దం ఉండేది కానీ అది పగిలి ఏడాదైంది, దానిమీద రేకు కొట్టారు. కొత్త అద్దానికి నాలుగు అర్జీలు పెట్టాం. సామాన్ల కార్యాలయంలో వాటిని తొక్కిపెట్టిన మనిషి పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను.

అద్దం లేదు కాబట్టి, గదిలోకి పనికి వెళ్లేవాడు తన పేరున్న ఇత్తడి బిళ్లను తలుపు పక్క మేకుకు తగిలించి వెళ్లాలి. ఆ అలవాటు మాకందరికీ నేర్పినవాడు తండేలు వాసుపల్లి దానయ్య. ఆ పూట బయటి తలుపు అంచున రబ్బరు పట్టీ కాస్త లేచిందని అతనే చూశాడు. రెండు నిమిషాల పనికి ఇదంతా ఎందుకులే అనుకుని, కవచం లేకుండా, బిళ్ల జేబులోనే పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేర్చుకునేవాళ్లు ఆ తప్పు చెయ్యరు. నేర్పేవాళ్లు చేస్తారు. కాపలా మారే వేళ అది, పాతవాడు అప్పటికే వెళ్లిపోయాడు. పోలమ్మ అనే కళాసీ వచ్చి మీట దగ్గర నిలబడింది. మేకు ఖాళీగా ఉంది కాబట్టి గదీ ఖాళీయే అనుకుంది.

సరిగ్గా అప్పుడు దళపతి పడవ వచ్చి బయటి తలుపు ముందు ఆగింది. చెప్పకుండా తనిఖీకి వచ్చాడాయన. పడవలో గాలికి లోటు లేదు, ఇంకో నాలుగు గంటలకు సరిపోతుంది. లోటల్లా ఓపికకే. నౌకాధిపతిని పిలవకుండా తీగమీద నేరుగా తలుపు దగ్గరికే మాట్లాడి, తాను ఫలానా అని, వెంటనే తియ్యమని అన్నాడు. పోలమ్మ ఆ తీగకే దండం పెట్టి, తన తండేలు చెప్పగానే తీస్తానంది. దళపతి తన పేరు బిరుదులతో సహా మళ్లీ చెప్పాడు. పోలమ్మ తన మాటే మళ్లీ చెప్పింది.

అప్పుడాయన నౌకాధిపతిని పట్టుకున్నాడు. నౌకాధిపతి చెమటలు కక్కుతూ సారంగును పట్టుకున్నాడు.

ఇక్కడినుంచి సారంగు గారి సొంత తప్పు మొదలు. తన తప్పు చెప్పుకునేటప్పుడు ఆయన గొంతు మారేది కాదు, మాట నెమ్మదించేది. పరుగున తలుపు దగ్గరికి వెళ్లారట. తండేలు కోసం అటూ ఇటూ చూశారు, కనపడలేదు. బయట దళపతి, వెనక నౌకాధిపతి. ఒక మెట్టు దాటితే ఏమవుతుందిలే అనుకుని, తానే పోలమ్మను మీట లాగమన్నారు.

“మా తండేలు సెప్తే తీత్తాను బాబూ. ఇంకెవులు సెప్పినా తియ్యను.”

ఉద్యోగం పోతుందని బెదిరించారు. పోనివ్వండి అంది. చివరికి ఆయనే మీట మీద చెయ్యి వేశారు. పోలమ్మ ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. తొయ్యలేదు, తియ్యలేదు, ఊరికే ఉంచింది. ఒక జానెడు మీట కదిలితే లోపలున్న దానయ్య ఇక బతకడు. ఆ సంగతి ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ తెలియదు.

పోలమ్మ చెయ్యి బరువుకు కాదు, సిగ్గుకు తన చెయ్యి వెనక్కి తీసుకున్నానన్నారు సారంగు గారు. అయితే నీ తండేలునే తెస్తానని మనుషుల్ని పంపారు. మేం పడకలు చూశాం, వంటశాల చూశాం, ఇంజను గది చూశాం. మనిషి లేడు. నౌకలో ఎక్కడా లేని మనిషి ఉండగలిగేది ఒక్కచోటేనని ముందు అన్నది నేను. నౌక దినచర్య పుస్తకంలో ఆ మాట వేరేవాడి పేరున ఉంది. ఉండనివ్వండి.

సారంగు గారు పానా తీసుకుని లోపలి తలుపు మీద మూడు దెబ్బలు కొట్టారు. కాసేపు ఏమీ లేదు. తరవాత లోపలినుంచి మూడు దెబ్బలు తిరిగి వచ్చాయి, తీరిగ్గా, పక్కింటివాడు గోడ తట్టినట్టు. ఆ చప్పుడు విని ఆయన పానా కింద పెట్టేశారు. మీట కిందే నేలమీద కూర్చుండిపోయారు.

తలుపు తీస్తే దానయ్య, పట్టీ ఒక పట్టాన అతకలేదంటూ, వేళ్లకంటిన జిగురు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అందరూ ఇలా నిలబడ్డారేమని అడిగాడు. పోలమ్మ బిళ్ల ఏదని అడిగింది. అతను జేబు తడుముకున్నాడు. తడుముకున్న చెయ్యి జేబులోనే ఉండిపోయింది. తరవాత మళ్లీ ఒకసారి గదిలోకి తొంగి చూసి, లోపలి తలుపు వేయించి, బయటిది తియ్యమని చెప్పాడు. పోలమ్మ మీట లాగింది. మొత్తం పదిహేడు నిమిషాలు. అరగంటని చెప్పేవాళ్లున్నారు, వాళ్లెవరూ అక్కడ లేరు.

దళపతి లోపలికి వచ్చి తలమీది కవచం తీశాడు. మొహం ఎర్రగా ఉంది. తనను ఆపిందెవరని అడిగితే పోలమ్మ ముందుకు వచ్చింది. తానెవరో తెలుసా అన్నాడాయన.

“తెలుసు బాబూ. మా తండేలు ఎక్కడున్నాడో మాత్రం మీకూ తెలీదు, నాకూ తెలీదు.”

నౌకాధిపతి జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు. దళపతి దానయ్యను కింది నుంచి పైదాకా చూశాడు. బతికున్న మనిషిని అంతసేపు చూడటం నేను ఎక్కడా చూడలేదు. మొహంలో ఎరుపు దిగిపోయింది. పోలమ్మ వైపు తిరిగి ఏదో అనబోయి, ఆగి, ఆ మాటను నౌకాధిపతికి చెప్పాడు. నౌకాధిపతి సారంగుకు చెప్పాడు. సారంగు దానయ్యకు చెప్పారు. పోలమ్మ అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది. దానయ్య ఆమె వైపు తిరిగి, నువ్వు మంచిపని చేశావని దళపతి గారు అంటున్నారు పోలమ్మా, అన్నాడు. సరేనని చెప్పండి, అంది పోలమ్మ. ఆ ‘సరే’ మళ్లీ ఒక్కో మెట్టే ఎక్కి పైకి వెళ్లేసరికి దళపతితో సహా అందరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం.

సారంగు గారు అక్కడితో ఆపారు. పాఠం వింటున్నవాళ్లూ హాయిగా నవ్వుతూ కదిలారు. శ్రీవత్స మాత్రం నిలబడిన చోటునుంచి కదల్లేదు. ఆ రోజు తండేలు లోపల ఉన్నాడు కాబట్టి సరిపోయింది గురువుగారూ, అన్నాడు. గది నిజంగానే ఖాళీగా ఉండి, తండేలు ఎక్కడో పడి నిద్రపోతుంటే? అంత పెద్దమనిషి అంతసేపూ ఊరికే తలుపు బయట నిలబడేవారు కదా?

“నిలబడేవారు,” అన్నారు సారంగు గారు. “దళపతి ఉద్యోగంలో అదీ ఒక పనే బాబూ.”