డప్పు వినని ఏనుగు

ఒకానొక చిన్న రాజ్యానికి చాలా పెద్ద రాజు ఉండేవాడు. పేరు ప్రచండకేతుడు. ఆ పెద్దరికమంతా మీసాల్లోనే ఉండేది.

పొరుగూళ్ళలో మశూచి పుట్టింది. టీకాలు వేసే వైద్యులు వచ్చి కోటగుమ్మం దగ్గర నిలబడితే రాజు మండిపడ్డాడు.

"రోగం రాకుండా రోగాన్నే కాస్త ఒంట్లోకి ఎక్కిస్తారట! శత్రువును పిలిచి పీట వేస్తామా? రాబోయే ఆపదను ముందుగా చిటికెడైనా ఎవరికీ రుచి చూపరాదు. ఇది మా శాసనం!"

విదూషకుడు కొండుభట్టు ఆ శాసనం విన్నాడు. ఇంట్లో లేకలేక పుట్టిన పసిపిల్ల ఉంది. రాజుతో వాదించడం గోడకు చెప్పుకోవడమే. అందుకని తిన్నగా గజశాలకు నడిచాడు.

అక్కడ దసరా ఊరేగింపుకు కొత్త ఏనుగును సిద్ధం చేస్తున్నారు. మావటి గంగులు ముందు దూరంగా డప్పు కొట్టించి, అది బెదిరి సర్దుకున్నాక మరికాస్త దగ్గరగా కొట్టిస్తున్నాడు.

"గంగులూ, శాసనం విన్నావుగా? డప్పులు ఆపెయ్."

"అయ్యబాబోయ్! ఊరేగింపులో బెదిరిపోద్ది బాబూ!"

"బెదరనీ. కోట ముంగిట్లో గడ్డి మాత్రం మెత్తగా, దండిగా పరిపించు."

విజయదశమి నాడు రాజు మీసం దువ్వుకుంటూ కొత్త ఏనుగు మీది అంబారీ ఎక్కాడు. డప్పులు ధణధణ మోగాయి. ముసలి ఏనుగులు తాపీగా చెవులాడిస్తూ నిలబడ్డాయి. కొత్తది ఘీంకరించి గిర్రున తిరిగింది. రాజు వెళ్ళి గడ్డిలో బోర్లా పడ్డాడు.

"దీనికి డప్పు అలవాటు చెయ్యని వెధవ ఎవడు?"

"నేనే ఆపించాను ప్రభూ," భట్టు చేతులు జోడించాడు. "తమ శాసనమే పాటించాను. ఆ ముసలి ఏనుగులూ ఒకనాడు చిన్న డప్పుకు వణికినవే. అందుకే ఇవాళ పెద్ద మోతకు చలించలేదు. మన ఒళ్ళూ అంతే. టీకా పడితే కాస్త జ్వరం, చేతిమీద పొక్కు. ఆ కాస్తలోనే ఒళ్ళు శత్రువు ఆనవాలు పట్టేస్తుంది. రేపు అసలు మశూచి గడప తొక్కితే మెడబట్టి గెంటుతుంది. ఇంట్లో పసిది ఉంది ప్రభూ. నా తల పోయినా సరే, దాని ప్రాణం దక్కితే చాలనుకున్నాను."

 రాజు మీసంలో చిక్కిన గడ్డిపరకను తీసి చూసుకున్నాడు. ముందు పెదవి వణికింది, తర్వాత పొట్ట కదిలింది. చివరికి పడీపడీ నవ్వాడు.

"వైద్యులను పిలవండి! ముందు భట్టు కూతురికి, తర్వాత మాకు, ఆపైన ఊరందరికీ!" అంటూ చేయి చాపి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

టీకా పడ్డాక కళ్ళు తెరిచి, "భట్టూ, మమ్మల్ని కింద పడేసి కళ్ళు తెరిపించావు. ఆ ఏనుగే నీకు బహుమానం. ఎక్కి ఇంటికి పో!" అన్నాడు.

భట్టు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"మహాప్రసాదం! కానీ ప్రభూ, ముందు దానికీ టీకా పడనివ్వండి."