అంకాలు కొట్టిన చావు డప్పు

రాజులు పోయారు, దొరలు వచ్చారు. దొరలు ఇంకా పోలేదు. ఆ నడిమి కాలంలో వాగొడ్డుపాలెం అని ఒక ఊరు. ఆ ఊరికి అంకాలు అని ఒక డప్పు మనిషి.

అంకాలుకు ఉన్నవి ఒక పాక, ఒక డప్పు, పేరమ్మ అనే పెళ్లాం. పెళ్లికి ఒక దెబ్బ కొట్టేవాడు, చాటింపుకు ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ. ఇంట్లో కూర్చుని విన్నా ఊళ్లో ఏం జరిగిందో తెలిసిపోయేది. తాతల నాటి నుంచి ఆ డప్పు అబద్ధమాడి ఎరగదు.

ఒక ఏడు ఊరంతా కూడి ఒట్టు పెట్టుకుంది. స్వరాజ్యం వచ్చేదాకా శిస్తు కట్టేది లేదని. శిస్తు అంటే భూమికి సర్కారు వసూలు చేసే పన్ను. దొరకు కోపం వచ్చింది. గుర్రమెక్కి వచ్చాడు. వెనక సిపాయిలు. పక్కన అరవదేశపు దుబాసీ. దుబాసీ అంటే దొర మాట మనకూ, మన మాట దొరకూ చెప్పేవాడు. ఊళ్లో ఎద్దులన్నిటినీ తోలుకుపోయి వాగొడ్డున కట్టేశారు.

తొలకరి రాబోతోంది. ఎద్దులు వేలంలో పోతే అరక కదలదు. అరక కదలకపోతే గింజ పడదు. గింజ పడకపోతే ఆ ఒట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

"ఇవాళే వేలం. చాటింపు వెయ్యి," అన్నాడు దుబాసీ.

అంకాలు పాకకు వచ్చి కూలబడ్డాడు.

"వెయ్యనని చెప్పరాదా?" అంది పేరమ్మ.

"నేను వెయ్యకపోతే పక్కూరోణ్ణి తెస్తారే."

తర్వాత లేచి మంట వేసి డప్పు కాచుకున్నాడు. బయల్దేరాడు.

"వేలమహో! ఇవాళే వాగొడ్డున ఎద్దుల వేలమహో!"

నోరు సర్కారు మాట చెప్పింది. చెయ్యి చావు దెబ్బ కొట్టింది.

దొరకు ఆ దెబ్బల తేడా తెలియదు. దుబాసీకీ తెలియదు, వాళ్ల దేశంలో చావు మేళం వేరు. మాట విన్నారు, తలూపారు.

రైతు ఇల్లాలు రత్తమ్మ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. "ఎవరు పోయారు అంకాలూ?"

"పొయ్యి రాజెయ్యకమ్మా," అన్నాడు అతను, తలెత్తకుండా.

ఆమెకు అర్థమైంది. ఊళ్లో శవం ఉంటే పొయ్యి వెలగదు. కొనడం ఉండదు, అమ్మడం ఉండదు. అది ఆ సీమ కట్టుబాటు. వేలానికి వచ్చిన పొరుగూరి బేరగాళ్లు వాగు దాకా వచ్చారు, డప్పు విన్నారు, వెనక్కి తిరిగారు.

రెండోనాడు మళ్లీ చాటింపు వెయ్యమన్నారు. నోరు సర్కారు మాట చెప్పింది. చెయ్యి చావు దెబ్బ కొట్టింది. ఎవరూ రాలేదు. ఏ ఇంటా పొగ లేవలేదు.

పేరమ్మ భయపడింది. "లేని చావుకు డప్పు కొడితే, ఆ చావు కొట్టినోణ్ణే వెతుక్కుంటా వస్తదని మీ నాయన అనేవోడు కదయ్యా!"

"రానీయే. రెండు రోజులుగా తిండి లేనోణ్ణి చూసి, జాలిపడి అదే తిరిగిపోద్దిలే."

మూడోనాడు నోరు సర్కారు మాట చెప్పింది. చెయ్యి చావు దెబ్బ కొట్టింది. దుబాసీ వాగు దాటిపోయి ఒక బేరగాణ్ణి పట్టుకున్నాడు. "ఎందుకు రారయ్యా మీరు?"

"శవమున్న ఊళ్లో పగ్గం పట్టుకుంటే ఆ గొడ్డు మా ఇంట్లో నిలుస్తుందా అయ్యా?"

సిపాయిలు ఇల్లిల్లూ వెతికారు. శవం లేదు. అంకాలును తెచ్చి దొర ముందు నిలబెట్టారు. ఊరంతా చూస్తోంది.

"ఎవడు చచ్చాడురా?" అన్నాడు దుబాసీ.

ఎవరూ చావలేదంటే ఆ క్షణమే వేలం మొదలవుతుంది. అంకాలు ఎద్దుల వైపు చూశాడు. పేరమ్మ వైపు చూశాడు.

"నేనే దొరా," అన్నాడు.

దుబాసీ పగలబడి నవ్వాడు. "చచ్చినవాడు మాట్లాడతాడేంరా?"

"డప్పు ముందొచ్చింది. నేను కాస్త వెనకబడ్డాను."

సిపాయి కొరడా ఎత్తాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు పడిన అంకాలు మళ్లీ లేవలేదు.

పాడె కట్టడానికి మగవాళ్లు వెదుళ్లు తెచ్చారు. పేరమ్మ అడ్డం నిలబడింది. "లేపొద్దు. శవం లేస్తే వేలం లేస్తది. దొర పోయేదాకా నా మనిషిని లేపొద్దు!"

లేపలేదు. ఆ పగలంతా దొర కాచుకున్నాడు. ఒక్క బేరగాడూ రాలేదు. మర్నాడు వాన మొదలైంది. వాగు పొంగింది, డేరా తడిసింది, సిపాయిలు గొణిగారు. కొనేవాళ్లు లేని ఎద్దులను అక్కడే వదిలేసి దొర గుర్రమెక్కి పోయాడు. ఊరివాళ్లు పగ్గాలు విప్పారు. ఏ ఇంటి ఎద్దు ఆ ఇంటికి నడిచి వచ్చింది.

అప్పుడు పాడె ఎత్తబోయారు. ఎత్తబోయి ఆగారు. డప్పు కొట్టేదెవరు? ఉన్న ఒక్కడూ పాడె మీదున్నాడు.

రత్తమ్మ వంగి డప్పు అందుకుంది.

"తోలు ముట్టుకుంటావుటే?" అన్నాడు ఆమె చిన్నాన్న.

"నా ఎద్దులు నిలిచింది ఈ తోలు వల్లే చిన్నాన్నా."

ఒక దెబ్బ కొట్టి పక్కింటివాళ్లకు ఇచ్చింది. వాళ్లు ఇంకొకరికి ఇచ్చారు. చివరికి ఆ చిన్నాన్న కూడా చెయ్యి చాపాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు పోయినా, ఏ కులంవారు పోయినా, డప్పు చేతులు మారుతూ వెళుతుంది. ఇంటికో దెబ్బ. ఎవరి చేతి బలం వారిది, లయ ఎక్కడా కుదరదు. సరిగ్గా వాయించగలిగినవాళ్లు ఊళ్లో లేక కాదు. వాళ్లు కూడా ఆ రోజు ఒక్క దెబ్బే కొట్టి, డప్పును పక్కవాళ్ల చేతికి ఇచ్చేస్తారు.