పెద్ద వడిసెల, పాలపిట్ట ఈక

“నువ్వు మోకు మెలిపెట్టి ముద్ద వదిలేదాకా నీ ముందు నుంచి కదలను. నా మీద ఒట్టు.”

అనగా అనగా అనేంత పాతకాలంలో, ఒక కొండవాగు పక్క అడవిలో, కపిలాక్షుడనే ముంగిస స్థిరపాదుడనే తాబేలుకు ఇచ్చిన మాట ఇది. ఆ మాట నిలబడలేదు. దానివల్ల ఒక అడవి అడవే తలవంచుకోవలసి వచ్చింది. ఎలాగో వినండి.

ఆ అడవిలో ఏటా మూడుసార్లు దిబ్బ ఆట జరిగేది. ఆ అడవి జట్టూ, వాగు అవతలి నక్కల జట్టూ వడిసెలలతో ఒకరి మీద ఒకరు మట్టి ముద్దలు విసురుకునేవారు. ముద్ద తగిలినవాడు పక్కకు వెళ్ళి కూర్చోవాలి. పొద్దు వాలేసరికి దిబ్బ మీద ఎవరు నిలిచి ఉంటే వారిదే గెలుపు. ఎదుటివాణ్ణి పడగొట్టినవాడి చెవిలో దీర్ఘదంతుడనే ఏనుగు రాజు స్వయంగా పాలపిట్ట ఈక పెట్టేవాడు. ఆ ఈక కోసం అడవిలో ప్రాణం పెట్టనివాడు లేడు.

అందరి వడిసెలలూ తేలిక. గిరగిరా తిప్పడం, వదలడం, మళ్ళీ తిప్పడం. స్థిరపాదుడిది మాత్రం రెండు పంగకర్రల మధ్య బిగించిన పెద్ద వడిసెల. మోకు మెలిపెట్టాలి, గుమ్మడికాయంత ముద్ద ఎక్కించాలి, గురి చూడాలి, అప్పుడు వదలాలి. ఈలోగా ఎవడైనా వచ్చి డిప్ప మీద చిన్న ముద్ద వేసి పోతే తాబేలు ఆట ముగిసినట్టే. కపిలాక్షుడు మాట ఇచ్చింది అందుకే.

మొదటి ఆట వచ్చింది. ఎదుటి జట్టు నక్కలు పెద్ద తాటాకు తడికను అడ్డం పెట్టుకుని, దాని చాటున దిబ్బ ఎక్కసాగాయి.

“ఏం తాబేలు మామా! మోకు మెలిపెడుతున్నావా, మజ్జిగ చిలుకుతున్నావా?” అని అరిచాయి.

స్థిరపాదుడు మోకుకు ఇంకో మెలి తిప్పాడు. కపిలాక్షుడు తాటిమట్ట పట్టుకుని, వచ్చిన ముద్దనల్లా పక్కకు కొట్టాడు. ఒళ్ళు చెమటతో తడిసింది. చేతులు పీకాయి. చివరికి పెద్ద ముద్ద గాలిలోకి లేచింది. తడిక విరిగి నేల కరిచింది. దాని చాటున ఉన్న నక్కలన్నీ మట్టి కొట్టుకుపోయాయి.

“అడవంతా ఒక్కటే! అందరిదీ ఒకే గెలుపు!” అని జనం కేకలు వేశారు.

ఒకే గెలుపన్నారు. ఈకలు మాత్రం అన్నీ తాబేలుకే వచ్చాయి. కాపు కాసినవాడికి ఈక ఇచ్చే ఆనవాయితీ ఆ అడవిలో లేదు. స్థిరపాదుడు ఈకలు పెట్టించుకుని, మురిసిపోతూ, వెనక్కి చూడకుండా ఇంటికి పోయాడు.

కపిలాక్షుడు ఇల్లు చేరాడు. పిల్లలు ఎదురొచ్చారు.

“నాన్నా, నీ ఈక ఏదీ?”

భార్య గడపలోంచే నవ్వింది. “ఈక ఎందుకొస్తుందర్రా? పొద్దంతా ఆ డిప్ప ముందు నిలబడ్డారట. మీ నాన్న తాబేలుకు ప్రహరీగోడ!”

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కపిలాక్షుడికి అన్నం సయించలేదు.

రెండో ఆట వచ్చింది. స్థిరపాదుడు మోకు మెలిపెడుతున్నాడు. కపిలాక్షుడి కళ్ళు ఎదుట తిరుగుతున్న ఒంటరి నక్క మీద ఉన్నాయి. ఒక్కదాన్ని పడగొడితే చాలు, ఒక్క ఈక. తాటిమట్ట పారేసి, వడిసెల తీసుకుని పరుగెత్తాడు.

“కపిలాక్షా! ముద్ద ఎత్తుతున్నాను, ఉన్నావా?”

జవాబుకు బదులు డిప్ప మీద మట్టి ముద్ద పడింది. తడిక తాపీగా దిబ్బ ఎక్కింది. జట్టు ఓడింది. కపిలాక్షుడి చెవిలో మాత్రం ఈక మెరిసింది.

“ఎందుకు ఓడారు?” అని రాజు కొలువులో అడిగాడు.

కపిలాక్షుడు అనేశాడు. “ఆ వడిసెల మరీ నిదానం ప్రభూ. జట్టు ఆటకు పనికిరాదు.”

“అవును ప్రభూ! దాని కోసం ఎదురుచూస్తూ ఎన్నాళ్ళు దెబ్బలు తింటాం?” అని రేఖ అనే ఉడుత వంత పాడింది.

స్థిరపాదుడు ఒక్కసారి ముంగిస వైపు చూసి, తల డిప్పలోకి లాక్కున్నాడు. అక్కడికక్కడే శాసనం వెలువడింది. ఇకపై పెద్ద వడిసెల దిబ్బ ఎక్కరాదు. నిదానంగా నడిచేవాళ్ళు గట్టున కూర్చుని చప్పట్లు కొట్టాలి. మొన్న అడవంతా ఒక్కటే అన్న నోళ్ళే “వేగమే విజయం! బరువే బానిసత్వం!” అని ఊరేగాయి. అరువు తెచ్చుకున్న నినాదానికి బరువుండదు కదా, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

మూడో ఆట వచ్చింది. చురుకైన వడిసెలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ముద్దలు వానలా కురిశాయి. కురిసి, గోడకు కొట్టిన పిడకల్లా తడికకు అతుక్కున్నాయి. తడిక ఆగలేదు. పొద్దు వాలకముందే దిబ్బ పోయింది. గట్టున చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టిన తాబేలు చేతులు ముడుచుకునే ఉన్నాడు.

“ఈసారి కూడా తాబేలుదేనా తప్పు?” అన్నాడు రాజు, గట్టు దగ్గరికి వచ్చి.

ఎవరూ తలెత్తలేదు. రేఖ తోకలో ముఖం దాచుకుంది. కపిలాక్షుడు చెవిలోని ఈక తీసి రాజు పాదాల ముందు పెట్టాడు.

“ప్రభూ, పెద్ద వడిసెల ఓడలేదు. నేను మాట తప్పాను. ఈ ఈక కోసం స్నేహితుణ్ణి ఒంటరిగా వదిలేశాను. ఆపైన నిండు కొలువులో తప్పు అతని మీదికి నెట్టాను. ఇంతకన్న సిగ్గుమాలిన పని లేదు.”

స్థిరపాదుడు మెల్లగా తల బయటపెట్టాడు. “నాకూ సిగ్గుగానే ఉంది. ఈకలన్నీ నా ఒక్కడివే అనుకున్నాను. ఒక్కటి తీసి ఇతనికి ఇవ్వాలని తోచలేదు.”

రాజు చెవులు విసురుకున్నాడు. “అయినా శాసనమంటూ ఒకటి చేశాక... ఆనవాయితీ అంటూ ఒకటి ఉన్నాక... చూద్దాం.”

సింహాసనాలకు నచ్చిన మాట అదొక్కటే, చూద్దాం!

కపిలాక్షుడు వెళ్ళి గట్టున తాబేలు పక్కన కూర్చున్నాడు. రేఖ వచ్చి కూర్చుంది. ఒకరొకరుగా జట్టంతా ఇక ఆడబోమన్నట్టు గట్టు చేరింది. అప్పుడు ముంగిస లేచి, రాజు కళ్ళలోకి చూస్తూ అన్నాడు:

“ప్రభూ, నిదానమైన ఆయుధం జట్టుకు పనికొస్తుందా లేదా అన్నది, దాని ముందు కాపు నిలిచినవాణ్ణి జట్టు గౌరవించడాన్ని బట్టి ఉంటుంది. ఆ గౌరవం ఇస్తారో లేదో మాకు వచ్చే ఆట జరిగే వైశాఖ శుద్ధ దశమిలోగా చెప్పండి.”