పాతర మూసినప్పటి వంటసాల

తాయారమ్మగారు వాదనకి వాదన చెప్పరు. ఎదుటివాళ్ళు అలిసిపోయేదాకా వింటారు, ఆపైన ఏదో ఒక కథ చెప్పి ఊరుకుంటారు. ఆవిడ దగ్గర కావ్యాలు చదువుకోడానికి వచ్చే పద్మాకరం కొత్తగా నల్లకోటు తొడిగిన లాయరు. వాదన కనిపిస్తే వదలడు. ఒకరోజు పేపరు పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, ఏదో దేశంలో బడ్జెట్ దగ్గర ప్రతినిధులు తగువులాడుకుంటే సర్కారే మూతపడుతుందట. సైనికులకి జీతం ఆగుతుంది, ప్రతినిధులకి ఆగదు. సైనికుడికి ఆగిననాడు మనకీ ఆగాలని వాళ్ళలోనే ఒకాయన చట్టం తెమ్మంటున్నాడు. సభలో కూర్చున్నవాళ్ళని పస్తు పెట్టి ఒప్పించడం న్యాయమేనా?"

ఆవిడ చెప్పిన కథ ఇది.

గండిదుర్గమని ఒక కొండకోట. అక్కడి ధాన్యమంతా నేలలో తవ్విన పాతరలో ఉండేది. ఏటా సభలో పెద్దలందరూ సరేనంటేనే దాని మూత తీయాలి. తీర్మానం అయ్యేదాకా ఏ పెద్దా సభ గడప దాటకూడదు. అందుకని కోట వంటసాలలో విడిగా ఉంచిన కొద్ది గింజలతో వండి, వాళ్ళకి వేళకి విస్తళ్ళు పంపేవారు. కొండ దారి కాసే భటులకి మాత్రం పాతర గింజలే జీతం.

ఆ ఏడు కొత్త కాలవ ఏ పేట మీదుగా పోవాలన్నదాని మీద పెద్దలు పంతానికి దిగారు, అది తేలందే పాతరకి సరేననమని కూర్చున్నారు. వాదించారు, తిన్నారు, కునుకు తీశారు, లేచి మళ్ళీ వాదించారు. గారెల్లో ఉప్పు తగ్గిందని వంటసాలకి కబురు కూడా పంపారు. నెల తిరిగేసరికి మారన్న అనే భటుడి ఇంట్లో పొయ్యి చల్లబడిపోయింది. అతని భార్య సింగమ్మ పచ్చి బాలింత. తల్లికి తిండి లేక పాలు పడక, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

ఒక పొద్దున మారన్న తన బల్లెం తెచ్చి రాణి నాగాంబిక ముందు పెట్టాడు. "భయపడి కాదు తల్లీ. ఆ ఏడుపు వింటూ నిలబడలేను. పల్లంలో కూలికి పోతాను."

పాతర తెరిచే హక్కు రాణికి లేదు. వంటసాల మాత్రం ఆవిడదే. "సాయంత్రందాకా నిలబడు. అప్పటికీ గింజ రాకపోతే నేనే పంపించేస్తాను," అంది. పొయ్యి మీద ఉడుకుతున్నదంతా భటుల ఇళ్ళకి మోయించి, పొయ్యిలో నీళ్ళు పోయించింది. అది ఒక్క పూటకే చాలుతుంది.

మధ్యాహ్నం విస్తళ్ళు రాలేదు. పెద్దల్లో పెద్ద వీరభద్రయ్య గడప దాకా వచ్చి, బయట నిలబడ్డ రాణిని చూసి కేకేశాడు. "ఏమ్మా, వంటవాళ్ళంతా ఏ గంగలో దిగారు?"

"పాతర మూసుంది కదా బాబాయిగారూ, గింజ ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

"మా సంగతి వేరు! మేం ఆలోచించేవాళ్ళం. కడుపు మాడితే బుర్ర పనిచేస్తుందా?"

"కాపలావాళ్ళకి కాళ్ళు మాత్రం పనిచేస్తాయా?"

"ఇది అవమానం!"

"అవమానమే. వాళ్ళకి నెల నుంచి, మీకు మధ్యాహ్నం నుంచి."

పాతరకీ కాలవకీ అసలు సంబంధమే లేదన్న సంగతి ఆ మహానుభావులందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. కాలవ గొడవ వేసవికి వాయిదా వేసుకున్నారు. పొద్దు వాలకముందే పాతర మూత లేచింది, కొండ దారికి గింజల బస్తాలు వెళ్ళాయి. సింగమ్మ వేడివేడి సంకటి తిని బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. మారన్న గుమ్మంలో నిలబడి ఆ నిశ్శబ్దాన్ని తనివితీరా విన్నాడు. తర్వాత బల్లెం భుజాన వేసుకుని కాపలాకి నడిచాడు. పాతర మూసి ఉన్నన్నాళ్ళూ సభకి వంట లేదన్న కట్టడి ఆ కోటలో అలాగే నిలిచిపోయింది.

పద్మాకరం హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. కానీ లాయరు కదా, ఊరుకోలేకపోయాడు.

"అయితే ఒక్క పూట ఆకలితో వాళ్ళకి బుద్ధి వచ్చిందంటారు."

"బుద్ధి వచ్చిందని నేనెక్కడ అన్నాను నాయనా," అన్నారు తాయారమ్మగారు. "ఆకలి వచ్చిందన్నాను."